ఎడారి, గడ్డినేల, చిత్తడి: గుజరాత్‌లో చలికాలపు పక్షుల యాత్రకు సమగ్ర మార్గదర్శి

పక్షుల కోసం గుజరాత్ వెళ్దామనుకునేవాళ్లు చాలామంది ముందు ఒక పెద్ద జాబితా రాసుకుంటారు. ఏ పక్షి ఎక్కడుందో వెతికి, మ్యాప్‌లో గుర్తులు పెట్టి, అన్నిటినీ కలుపుతూ రూటు గీస్తారు. అలా గీసిన రూటులో సగం పగలు కారులోనే గడిచిపోతుంది. నా లెక్క వేరు. ఎడారికి, గడ్డినేలకి, చెరువుకి రోజులో ఒక్కోదానికి ఒక్కో మంచి వేళ ఉంటుంది. ఆ వేళకి మనం అక్కడ ఉండేలా చూసుకుంటే జాబితా దానంతటదే నిండుతుంది. కింద చెప్పే రూటు, బసలు, రోజుల లెక్క అన్నీ దీన్నిబట్టే వేసినవి.

గుజరాతే ఎందుకంటే, ఈ మూడు రకాల నేలలూ ఒకే రాష్ట్రంలో, కారులో తిరగగలిగే దూరంలో ఉన్నాయి. సైబీరియా, కజకిస్తాన్ వైపు నుంచి దిగే వలసపక్షుల దారిలో ఇది ముందే తగులుతుంది. పశ్చిమాన ఇరాన్, ఇరాక్ వైపు నుంచి వచ్చి కచ్ దాటి లోపలికి రాని పక్షులు కూడా ఉన్నాయి. వాటిని మన పులికాట్‌లో ఎంత వెతికినా లాభం లేదు.

అడుగు 1: ఎప్పుడు, ఎన్ని రోజులు

డిసెంబరు మొదటి సగం, లేదా జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోండి. నవంబరులో వెళ్తే, ఆ ఏడాది వానలు బాగా పడి ఉంటే లిటిల్ రణ్ (వానాకాలంలో నీళ్లు నిలిచే ఉప్పునేల ఎడారి) ఇంకా ఆరకుండా జీపు లోపలికి పోలేని స్థితిలో ఉండొచ్చు.

సంక్రాంతి సెలవులు కలిసొస్తాయని మనవాళ్లు చాలామంది ఆ వారానికే టికెట్లు తీస్తారు. అది వద్దంటాను. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా కచ్‌లో రణ్ ఉత్సవ్ రద్దీ, గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. జనవరి 14, 15 తేదీల్లో అహ్మదాబాద్ ఉత్తరాయణ్ గాలిపటాలతో నిండిపోతుంది. పండగ చూడ్డానికి బాగుంటుంది కానీ మాంజా దారాలకి రెక్కలు తెగి కొంగలు, గద్దలు రాలిపడుతుంటే చూడటం కష్టం.

మొత్తం రూటుకి పది రోజులు కావాలి. ఐదే రోజులుంటే కచ్, జామ్‌నగర్ వదిలేసి లిటిల్ రణ్, వెలావదర్, నల్ సరోవర్‌తో సరిపెట్టుకోండి. మూడూ అహ్మదాబాద్‌కి దగ్గరే, మూడు రకాల నేలలూ చూసినట్టవుతుంది. ఐదు రోజుల్లో అన్నీ చుట్టేద్దామనుకుంటే మాత్రం హైవే పక్క ధాబాలు బాగా చూస్తారు.

అడుగు 2: ఇంటి దగ్గర రిహార్సల్

దీన్ని ఎవరూ పట్టించుకోరు, అసలు ఉపయోగం దీనివల్లే. నవంబరులో రెండు మూడు ఆదివారాలు దగ్గర్లోని చెరువుకి వెళ్లండి. హైదరాబాద్ వాళ్లకి అమీన్‌పూర్ చెరువు ఉంది, కోస్తావాళ్లకి కొల్లేరు, నెల్లూరు వైపు వాళ్లకి నేలపట్టు, పులికాట్ ఉన్నాయి. సూదితోక బాతు, చెంచామూతి బాతు, నల్ల బొల్లికోడి, మామూలుగా కనపడే ఉల్లంకి పిట్టలు, వీటిని పుస్తకం తీయకుండా చెప్పగలిగేదాకా చూడండి. గుజరాత్‌లో వెయ్యి బాతుల గుంపు ఎదురైనప్పుడు, వాటిలో తేడాగా ఉన్న ఒక్కదాని మీద కన్ను పడాలంటే మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ ముందే తెలిసి ఉండాలి.

అడుగు 3: రూటు, బండి, పర్మిట్లు

విజయవాడ, వరంగల్ మీదుగా చెన్నై–అహ్మదాబాద్ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్, పోర్‌బందర్ వెళ్లే రైళ్లు కూడా అహ్మదాబాద్ మీదుగానే పోతాయి. విమానం సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకుంటే చాలు.

వరుస ఇది: అహ్మదాబాద్ నుంచి లిటిల్ రణ్ అంచున దసాడా లేదా జైనాబాద్, అక్కడ రెండు రాత్రులు. అక్కడి నుంచి కచ్, భుజ్ లేదా నఖత్రాణాలో మూడు రాత్రులు. తర్వాత కచ్ గల్ఫ్ (సముద్రపు పాయ) చుట్టూ తిరిగి జామ్‌నగర్, రెండు రాత్రులు. అక్కడి నుంచి వెలావదర్, రెండు రాత్రులు. చివరి రోజు నల్ సరోవర్ చూసుకుని సాయంత్రానికి అహ్మదాబాద్. చివరి రోజు తప్ప ఊరు మారే ప్రయాణాలన్నీ పదింటికి మొదలయ్యేలా చూడండి. పొద్దుటి పక్షులు అయిపోతాయి, సాయంత్రపు పక్షులకి టైమ్ మిగులుతుంది.

అభయారణ్యాలకి అటవీశాఖ పర్మిట్ తీసుకోవాలి, కెమెరాకి విడిగా కట్టాలి. అందరూ ఒరిజినల్ గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. కచ్ సరిహద్దు జిల్లా. ధోర్డో వైపు తెల్ల రణ్‌కి వేరే పర్మిట్ ఉంటుంది. డ్రోన్ ఇంట్లో వదిలేయండి, సైనిక పోస్టుల వైపు బైనాక్యులర్ ఎత్తకండి.

ఉండే చోటు బుక్ చేసేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: మీ దగ్గర పక్షులు తెలిసిన గైడు ఉన్నాడా, జీపు మీదేనా? గది ఎలా ఉన్నా సర్దుకోవచ్చు, గైడు విషయంలో సర్దుకోలేం.

అడుగు 4: సామాను

బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది) తీసుకోండి. 10x అయితే ఇంకా దగ్గరగా కనపడుతుంది కదా అనిపిస్తుంది, కానీ కదిలే జీపులో చేయి వణుకుడు కూడా అంతే పెరుగుతుంది. గుంపులో ఒకరి దగ్గర 20–60 జూమ్ స్పాటింగ్ స్కోప్ ఉంటే చాలు. చెరువుల దగ్గర దాని విలువ తెలుస్తుంది.

చలిని తేలిగ్గా తీసుకోవద్దు. గుజరాత్ చలి పట్టికలో కచ్‌లోని నలియా తరచూ మొదటి పేరు. ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల దగ్గరికి దిగే రోజులుంటాయి, పైగా మనం ఉండేది టాప్ లేని జీపులో. మంకీ క్యాప్, గ్లౌజులు పెట్టుకోండి. మధ్యాహ్నానికి ఇవన్నీ విప్పేయాల్సి వస్తుంది కాబట్టి ఒకే లావు స్వెటర్ కంటే రెండు మూడు పల్చటివి నయం. కెమెరాకి దుమ్ము కవరు, తుడవడానికి బ్లోయరు. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్, పక్షుల్ని గుర్తుపట్టడానికి సాయపడే మెర్లిన్ యాప్‌లలో గుజరాత్ డేటా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, రణ్ లోపల సిగ్నల్ ఉండదు. భోజనం అంతా శాకాహారమే, పప్పులో కూడా బెల్లం తగులుతుంది. ఆవకాయ సీసా ఒకటి పెట్టుకుంటే తోటివాళ్లు కూడా రుణపడి ఉంటారు.

అడుగు 5: లిటిల్ రణ్, ఎడారి ఉదయాలు

దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల అడవిగాడిదల అభయారణ్యం ఇది. వానాకాలంలో నదుల నీళ్లూ సముద్రపు నీళ్లూ కలిసి ఇక్కడ నిలుస్తాయి. చలికాలానికి ఆరిపోయి చదునైన ఉప్పునేల మిగులుతుంది. మధ్యలో కాస్త ఎత్తుగా ఉండే దిబ్బల్ని బేట్ అంటారు. గడ్డి, పొదలు అక్కడే, జీవాలన్నీ వాటి చుట్టుపక్కలే. నేల అప్పడంలా పైన పెళుసుగా ఉంటుంది, కింద బురద. సొంత కారు దించొద్దు. స్థానిక డ్రైవర్ ఏ జాడలో పోతే ఆ జాడలోనే పోవాలి.

తెల్లవారగానే లోపల ఉండాలి. మొదటి గంటన్నరలో గద్దలు ఇంకా రెక్క విప్పవు. స్టెప్పీ ఈగల్, బహిరి డేగ లాంటివి మట్టిగడ్డల మీద, చిన్న పొదల మీద ఎండ కోసం కూర్చుని ఉంటాయి. నేల వేడెక్కి గాలి పైకి లేచాక అవీ లేచిపోతాయి, ఆ తర్వాత ఆకాశంలో చుక్కలే. భరత పిట్టలు, పావురాల్లా కనపడే శాండ్‌గ్రౌస్ గుంపులు, అదృష్టం బాగుంటే నేలమీద తిరిగే పెద్ద పక్షి మెక్వీన్స్ బస్టర్డ్ కూడా ఈ వేళలోనే. బస్టర్డ్ ఎగరడానికి తొందరపడదు. మెడ చాచి, పక్కకి చూస్తూ నడిచి వెళ్లిపోతుంది. జీపు ఆపి ఇంజిన్ కట్టేస్తే మళ్లీ మేతలో పడుతుంది, వెంటపడితే ఎగిరి కిలోమీటరు అవతల వాలుతుంది. అందుకే బయల్దేరే ముందే డ్రైవర్‌తో తేల్చుకోండి: వెంటబడినందుకు కాదు, ఆపినందుకు టిప్పు ఇస్తామని. మాట చాలా బాగా పనిచేస్తుంది.

తొమ్మిదిన్నర, పది దాటాక ఉప్పునేల మీద ఎండమావులు లేస్తాయి. వెయ్యి మిల్లీమీటర్ల లెన్సు ఉన్నా ఫొటోలో వచ్చేది అలలే. అప్పుడు వెనక్కి వచ్చేయండి. అడవిగాడిదలు ఎలాగూ దారిలో కనపడతాయి. 2024 గణనలో 7,672 తేలాయి కాబట్టి వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

మధ్యాహ్నం మూడున్నరకి అభయారణ్యం అంచున ఉన్న చెరువుల వైపు వెళ్లండి. పగలంతా జీలకర్ర, ఆముదం పొలాల చుట్టూ మేసిన క్రేన్లు (కొంగల్లా పొడుగు కాళ్లు, మెడ ఉన్న పెద్ద పక్షులు) రాత్రి పడుకోవడానికి లోతులేని నీళ్లలోకి వస్తాయి. నక్కలు నీళ్లు దాటుకుని చప్పుడు లేకుండా రాలేవు కదా. స్థానికులు కుంజ్ అనే ఈ గుంపుల్లో రెండు రకాలుంటాయి. ఎగురుతున్నప్పుడు మెడ నలుపు రొమ్ము దాకా దిగితే డెమోసెల్ క్రేన్, మెడ దగ్గరే ఆగిపోతే కామన్ క్రేన్. కంటికి అందకముందే అరుపు చెవికి అందుతుంది.

అడుగు 6: కచ్

కచ్‌లో సూర్యుడు జనవరిలో ఏడున్నర దాకా రాడు. హైదరాబాద్ అలవాటుతో ఐదింటికే సిద్ధమై చీకట్లో కూర్చోనక్కర్లేదు.

ఇక్కడ మొదటి పొద్దు ఫులాయ్ ఊరి దగ్గరి పీలు పొదలకి ఇవ్వండి. పీలు అంటే మిస్వాక్ పుల్లలిచ్చే చెట్టే. దాని చిన్న పండ్ల కోసం గ్రే హైపోకోలియస్ అనే పక్షి ఇరాక్, ఇరాన్ వైపు నుంచి వచ్చి చలికాలం ఇక్కడ ఉంటుంది. గోరింక కంటే సన్నం, పొడుగు తోక, ఒళ్లంతా లేత బూడిదరంగు. మగదానికి కళ్ల మీదుగా తల వెనక్కి నల్లటి పట్టీ. ఎండ పడగానే పొద కొమ్మ చివరికి వచ్చి ఈకలు ఉబ్బించి కాసేపు కదలకుండా కూర్చుంటుంది. ఒళ్లు వేడెక్కాక లోపలికి దూరి పండ్లు తింటూ ఉంటుంది, అప్పుడు చేతికి అందే దూరంలో ఉన్నా కనపడదు. కాబట్టి ఎండకి వీపు పెట్టి, పొద ముందు కాస్త దూరంలో, మొదటి కిరణానికి ముందే నిలబడి ఉండాలి. ఎగిరినప్పుడు రెక్క చివర తెలుపు మెరుస్తుంది.

సాయంత్రం ఛారీ-ఢంఢ్. 227 చదరపు కిలోమీటర్ల ఈ చిత్తడిని 2008లో కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. వానలు బాగా పడిన ఏడు వేలాది క్రేన్లు దిగుతాయి, వానలు తప్పితే నెర్రెలిచ్చిన మట్టే. ముందురోజు గైడుని అడిగి వెళ్లండి.

చుట్టూ ఉన్నది బన్నీ గడ్డిభూమి. మాల్ధారీలు తరతరాలుగా గేదెలు మేపుకునే నేల. ఉప్పు పాకకుండా ఉంటుందని 1960ల్లో ఇక్కడ సర్కారు తుమ్మ నాటారు. ఆ తర్వాతి కథ మన పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు, చెట్టు ఊరుకోలేదు. తుమ్మ లేని గడ్డి జాగాల కోసం వెతకండి, నేలమీద బతికే పక్షులన్నీ అక్కడికే చేరాయి. నఖత్రాణా చుట్టుపక్కల ముళ్ల అడవిలో వైట్ నేప్డ్ టిట్ ఉంది. నలుపు తెలుపుల్లో చిన్న పిట్ట. ఇటు కచ్, రాజస్థాన్, అటు మన చిత్తూరు వైపు కొండలు, కర్ణాటక, తమిళనాడు, ఈ రెండు మూలల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

నలియా గడ్డిభూముల గురించి ఒక మాట. బట్టమేక పిట్టని (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చూపిస్తామని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి. ఇక్కడ మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేంత, అవీ ఆడవే. దేశం మొత్తం మీద అడవిలో ఉన్నవి 150 లోపే. దాని కోసం 1988లో అభయారణ్యం పెట్టుకున్న మన రోళ్లపాడులో ఇప్పుడు అది కనపడటం లేదు. గడ్డి పోవడం ఒకటి, పెద్దపక్షి కావడంతో కరెంటు తీగలు ఎదురుగా ఉన్నా తప్పించుకోలేకపోవడం ఇంకొకటి. రోడ్డు మీద నుంచే భరత పిట్టలు, నేలమీద పరిగెత్తే కోర్సర్లు, స్టోలిచ్‌కా బుష్‌చాట్ అనే చిన్న పిట్ట చూసుకుని వచ్చేయండి.

అడుగు 7: జామ్‌నగర్, ఆటుపోట్ల పట్టిక

ఇక్కడ గడియారం సూర్యుడిది కాదు, సముద్రానిది. నరారా తీరంలో క్రాబ్ ప్లోవర్ చూడాలంటే ఆ రోజు ఆటుపోట్ల వేళలు ముందే ఇంటర్నెట్‌లో చూసుకోండి. పూర్తి ఆటు మీద వెళ్తే పగడపు దిబ్బల మీద నడిచి ఆక్టోపస్‌నీ, పీతల్నీ చూడొచ్చు, పక్షులు మాత్రం నీటి అంచున ఎక్కడో ఉంటాయి. నీరు మళ్లీ ఎక్కడం మొదలయ్యాక ఒడ్డు దగ్గర కదలకుండా కూర్చుంటే, నీరే వాటిని మన వైపు తోలుకొస్తుంది. తెల్లటి ఒళ్లు, నల్లటి వీపు, పీతని చితక్కొట్టడానికే చేసినట్టున్న లావుపాటి ముక్కు. పోల్చుకోవడంలో పొరపాటు పడే వీలే లేదు.

ఖిజడియా మాత్రం పొద్దున్నే. సముద్రపు ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా రాజుల కాలంలో కట్టిన కట్ట ఇది. ఒక పక్క మంచినీళ్లు, ఇంకో పక్క ఉప్పునీళ్లు. కట్ట మీద నడుస్తూ తల అటూ ఇటూ తిప్పితే రెండు రకాల పక్షులు. సాయంత్రం ఊళ్లోనే లఖోటా చెరువు గట్టున కూర్చోండి. గులాబి గోరింకలు వేలల్లో చేరి, పడుకోబోయే ముందు గాలిలో ఒకటే శరీరంలా తిరుగుతాయి. పక్కన పల్లీలు అమ్మేవాళ్లు ఉంటారు, హాయిగా ఉంటుంది.

అడుగు 8: వెలావదర్, గడ్డినేల సాయంత్రం

యాత్రలో ఒక్కచోటే ఉండనిస్తామంటే నేను ఇక్కడ ఉంటాను. భావ్‌నగర్ మహారాజుల వేటమైదానం, 1976లో కృష్ణజింకల కోసం నేషనల్ పార్కు అయింది. విస్తీర్ణం 34 చదరపు కిలోమీటర్లే. కానీ చలికాలం రాత్రుళ్లు ఇక్కడి గడ్డిలో పడుకునే హారియర్ గద్దల గుంపు ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఒకటి.

పగలు వెళ్తే అక్కడో హారియర్, ఇక్కడో హారియర్. ఎందుకంటే అవి చుట్టూ ఉన్న భాల్ ప్రాంతపు పత్తిచేల మీద, బీళ్ల మీద మిడతల వేటలో చెదిరిపోయి ఉంటాయి. పొద్దు వాలుతుంటే అన్ని దిక్కుల నుంచీ తిరిగొస్తాయి. అందుకని మధ్యాహ్నం సఫారీలో జింకల్ని చూసుకుని, నాలుగున్నరకల్లా గైడు చెప్పిన చోట ఆగిపోండి. పార్కు మూసే వేళ ముందే అడిగి, గుంపు పడుకునే గడ్డికి దూరంగా ఎక్కడ నిలబడనిస్తారో మాట్లాడుకోండి.

మొదట వచ్చినవి నేరుగా పొడుగు గడ్డిలోకి దిగవు. పొట్టిగడ్డి మీద, ఉత్త నేల మీద ఒక్కొక్కటిగా కూర్చుంటాయి. స్కోప్ పెట్టి తీరిగ్గా చూడాల్సింది ఇప్పుడే. మగవాటిని ఎగురుతుండగానే గుర్తుపట్టొచ్చు. దాదాపు తెల్లగా ఉండి రెక్క చివర మాత్రమే సన్నటి నల్లటి ముక్క ఉంటే పాలిడ్ హారియర్. కాస్త ముదురు బూడిదరంగులో ఉండి రెక్క మీద అడ్డంగా నల్లగీత కూడా ఉంటే మోంటాగ్యూస్. గోధుమరంగు ఆడవాటితోనే తలనొప్పి. ముఖం చూడండి: చెంప మీది ముదురు మచ్చ వెనక తెల్లటి కాలరు, దాని వెనక మళ్లీ ముదురు రంగు ఉంటే పాలిడ్, కాలరు లేకపోతే మోంటాగ్యూస్. వీటికంటే పెద్దగా, ముదురు గోధుమరంగులో, మీగడరంగు తలతో వచ్చేది మార్ష్ హారియర్.

సూర్యుడు అంచుకి తగిలాక నేల మీదున్నవన్నీ లేస్తాయి, ఆలస్యంగా వచ్చేవి పైనుంచి సుడులు తిరుగుతూ దిగుతాయి, ఒక పావుగంట ఎటు చూడాలో తెలియదు. తర్వాత ఒక్కొక్కటే గడ్డిలో మునిగిపోతుంది. ఇవి పడుకునేది నేల మీద. టార్చ్ వేయడం, గడ్డిలోకి నడవడం, జీపుని దగ్గరికి పోనివ్వమనడం, ఈ మూడూ వద్దు.

రెండో రోజు పొద్దున్నే తోడేళ్లకీ దుమ్ములగొండికీ వెళ్లండి. లెస్సర్ ఫ్లోరికన్ (బస్టర్డ్ జాతిలోని చిన్న పక్షి) చూపించమని మాత్రం అడక్కండి. ఇక్కడ దాని ఎగిరిదూకే ఆట వానాకాలంలోది.

అడుగు 9: నల్ సరోవర్

చివరికి పెట్టింది కావాలనే. అహ్మదాబాద్‌కి 65 కిలోమీటర్ల లోపే, అక్కడి నుంచి రైలుకో విమానానికో అందుకోవచ్చు. సుమారు 120 చదరపు కిలోమీటర్ల ఈ సరస్సు 2012లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది. శని, ఆదివారాలు వద్దు, జాతర. మామూలు రోజున మొదటి పడవ ఎక్కండి. రేటు, ఎన్ని గంటలు అనేది ఎక్కకముందే తేల్చుకోండి. పడవ నడిపేవాళ్లలో చాలామంది పఢార్ తెగవాళ్లు, నీళ్లు లోతు లేవు కాబట్టి గెడతోనే తోస్తారు.

కొందరు గాఠియా పొట్లం కొనమంటారు, సముద్రపు కాకులకి విసిరితే చుట్టూ మూగుతాయని. వద్దని చెప్పండి. సెనగపిండి కారప్పూస వాటి తిండి కాదు. ఫ్లెమింగోలు మెడలు ఒకేసారి ఎత్తాయంటే పడవ ఎక్కువ దగ్గరికి వెళ్లిందని అర్థం, అక్కడే ఆపించండి. ఆ దూరం నుంచే పెద్ద ఫ్లెమింగోకి లేతగులాబి ముక్కు చివర నలుపు, చిన్న ఫ్లెమింగోకి ముక్కంతా ముదురెరుపు, తేడా కనిపిస్తుంది. దిగాక సజ్జరొట్టె, వంకాయ ఓరో తినండి. మన వంకాయ పచ్చడికి దగ్గరి చుట్టం.

అడుగు 10: రాసుకోవడం

ఏ రోజుది ఆ రాత్రే ఈబర్డ్‌లోకి ఎక్కించండి, మర్నాటికి చెరువులు కలిసిపోతాయి. గుడ్లగూబలు పగలు దాక్కునే పొద, హారియర్లు పడుకునే కచ్చితమైన చోటు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పెద్ద గుంపుని లెక్కపెట్టాలంటే ముందు యాభై పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, అవి ఎంత జాగా ఆక్రమించాయో చూసుకోండి. మిగతా గుంపులో అలాంటి జాగాలు ఎన్ని పడతాయో చూసి, దాన్ని యాభైతో హెచ్చవేయండి. వచ్చిన అంకె పక్కన అంచనా అని రాస్తే చాలు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన కూడా ఇలాగే నడుస్తుంది.